ఆయిల్ లీక్: కడగకుండా బోల్ట్ విప్పొద్దు

ఈ మధ్య ఒక కారు బానెట్ కింద మంటలు లేచాయి. ఆయిల్ కారుతోందని అంతకుముందే దానికి గేర్‌బాక్స్ దించి క్రాంక్ వెనక సీల్ (ఇంజిన్ ఇరుసు గేర్‌బాక్స్ వైపు బయటికొచ్చే చోట ఆయిల్ ఆపే రబ్బరు రింగు) మార్చారు. అయినా లీక్ ఆగలేదు. నిజానికి కారుతున్నది పైనున్న ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైమూత కింద సందు మూసే పట్టీ. అక్కడి ఆయిల్ ఇంజిన్ వెనక వైపు నుంచి జారి, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలుగా పడేది. కొంత ఇంజిన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడేది. ఇంజిన్ ఆయిల్ ఆవిర్లు సుమారు 200 డిగ్రీలు దాటాక నిప్పు తగిలితే అంటుకుంటాయి. లోడ్‌తో ఘాట్ ఎక్కేటప్పుడు మానిఫోల్డ్ అంతకు రెట్టింపు వేడెక్కుతుంది. పొగ వాసన వస్తుంటే అందుకే తేలిగ్గా తీసుకోవద్దు.

చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. జిడ్డు పట్టిన ఇంజిన్‌ని చూసి ఫలానా సీల్ పోయిందని చెప్పడం ఊహే. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చెప్పినా ఊహే.

ముందు కడగండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌కి, కనెక్టర్లకి, గాలి లోపలికి పోయే దారికి ప్లాస్టిక్ కవర్ చుట్టండి. జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, సన్నటి ధారతో కడగండి. ప్రెషర్ జెట్ వద్దు. ఆరాక కవర్లన్నీ తీసేసి, పావుగంట ఇంజిన్ నడిపి, టార్చ్‌తో పైనుంచి కిందికి చూడండి. అన్నిటికంటే పైన ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ మొదలుపెట్టాలి. ఏమీ దొరక్కపోతే కాస్త తిప్పుకొచ్చి మళ్లీ చూడండి. అప్పటికీ అంతుచిక్కకపోతే ఆయిల్‌లో యూవీ డై (యూవీ వెలుగులో మెరిసే రంగు) కలిపి, యూవీ టార్చ్ వేస్తే కారిన దారి మెరుస్తూ కనిపిస్తుంది.

చాలామంది చూడని చోటు ఆయిల్ ఒత్తిడి తగ్గితే లైట్ వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్. దాని కనెక్టర్ ఊడదీయండి. పిన్నుల చుట్టూ ఆయిల్ ఉంటే స్విచ్ లోపలి నుంచే కారుతోందని అర్థం. దాని పక్కనున్న సీల్ మార్చి లాభం లేదు.

సీల్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ కారుతుంటే ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు చూడండి. అవి పూడుకుపోతే క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ కింది భాగంలో) ప్రెషర్ పెరిగి, కొత్త సీల్ నుంచి కూడా ఆయిల్‌ని బయటికి తోసేస్తుంది. వాల్వ్, పైపు బాగానే ఉండి, ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే పొగ గట్టిగా తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయేమో పరీక్ష చేయించాలి. అది సీల్‌తో తీరే జబ్బు కాదు.

ఇక పనిలోకి దిగేముందు:

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి వెళ్లొద్దు. స్టాండ్లు పెట్టాల్సిందే.

ట్యాపెట్ కవర్ బోల్టులు బలం కొద్దీ బిగించొద్దు. గ్యాస్కెట్ నలిగి లీక్ ఇంకా పెరుగుతుంది, కవర్ వంగుతుంది. మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం), ఉన్న వరుస, అంతే.

సీలెంట్ మందంగా పూయొద్దు. లోపలికి ఊడిన ముక్క సంప్‌లోని (ఆయిల్ నిలిచే అడుగు తొట్టిలోని) జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ పైకి రాక ఇంజిన్ పట్టేస్తుంది.

కొత్త ఆయిల్ ఫిల్టర్ వేసేముందు పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులుంటే ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది.

పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ ప్లగ్‌కి వాషర్ కొత్తది వేయండి.

లీక్ ఆపుతామనే సీసా మందులు పోసి ఊరుకోవద్దు. గట్టిపడిన రబ్బరు కాస్త మెత్తబడొచ్చు. చిరిగిన గ్యాస్కెట్ అతకదు.

కడగకుండా గేర్‌బాక్స్ దించనివ్వొద్దు. ఎవరు చెప్పినా సరే. తడి ఎక్కడ మొదలైందో చూపించమని అడగండి. చూపించలేకపోతే బండి వెనక్కి తీసుకెళ్లండి.

పని అయ్యాక కూడా కడగండి. పాత జిడ్డు మిగిలితే లీక్ ఆగిందో లేదో తెలియదు.

లీక్ ఆగేదాకా ప్రతి ప్రయాణానికి ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడండి. దారిలో ఆయిల్ లైట్ వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకాస్త దూరమే కదా అని నడపొద్దు.