పై ఆర్‌పీఎంలో బూస్ట్ పడిపోతుంటే: నా అనుభవం

మాది సూపర్‌చార్జ్డ్ కారు, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జర్ ఉన్నది. అది పై ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ బాగా వేగంగా తిరిగేటప్పుడు, లాగడం మానేసింది. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ హోస్‌కి టీ (మూడు దారుల జాయింట్) వేసి, బూస్ట్ (ఆ గాలి ఒత్తిడి) చూపే గేజ్ పెట్టాను. ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతుంటే తమ్ముడు గేజ్ చూశాడు. 4,000 ఆర్‌పీఎం దగ్గర 8 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఆ తర్వాత పెరగాల్సింది పోయి 5కి జారింది. అసలు ఆనవాలు ఇదే. గాలిని పక్కకు మళ్లించే బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా, హోస్ పెద్దగా లీకైనా సాధారణంగా మొదటి నుంచే బూస్ట్ తక్కువుంటుంది. పైకెళ్లాక పడిపోతే ముందు బెల్ట్‌నే అనుమానించాలి, ఎందుకంటే సూపర్‌చార్జర్‌ని తిప్పేది అదే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలా అవుతుంది, మాది శుభ్రంగానే ఉంది. బెల్ట్ మాత్రం జారి జారి అద్దంలా మెరుస్తోంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ స్ప్రింగ్ వదులైపోయింది. బెల్ట్ ఒక్కటే మారిస్తే మళ్లీ జారుతుందని రెండూ మార్చి, పుల్లీకి అంటిన ఆయిల్ తుడిచేశాను. ఇప్పుడు రెడ్‌లైన్ (ఇంజిన్ ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా బూస్ట్ ఎక్కడా తగ్గట్లేదు.