అజ్ఞాతంలో ఉన్న నైట్ల శాఖను పట్టుకోవడం ఎలా: ఫ్యాన్ థియరీ కట్టేవారికి

సుదీర్ఘమైన ఫ్యాంటసీ నవలల్లో రచయిత ఏదో ఒక నైట్ల శాఖను, అంటే ప్రతిజ్ఞ పట్టిన యోధుల సంఘాన్ని, దాచిపెట్టాడన్న అనుమానం రాగానే చాలామంది పాఠకులు ముందుగా తమకు నచ్చిన పాత్రను ఎంచుకొని, అతడు ఆ శాఖవాడేనని తీర్మానించుకొని, ఆ తరవాత పుస్తకమంతా తిరగేసి రుజువులు ఏరుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టి అలాగే బోల్తాపడ్డాను. దాచిన శాఖ పాత్రల్లో కనిపించదు, లెక్కలో కనిపిస్తుంది. పది ఉండవలసిన చోట తొమ్మిదే ఉన్నాయని గమనించినవాడికే అది దొరుకుతుంది.

ఉదాహరణలన్నీ ఒకే సిరీస్ నుంచి తీసుకుంటాను. అది బ్రాండన్ శాండర్సన్ రాస్తున్న స్టార్మ్‌లైట్ ఆర్కైవ్. 2010లో ద వే ఆఫ్ కింగ్స్‌తో మొదలై, 2024 డిసెంబరులో అయిదో పుస్తకానికి చేరింది; మొత్తం పది పుస్తకాలుగా, అయిదేసి చొప్పున రెండు భాగాలుగా రాయాలన్నది రచయిత సంకల్పం. మొదటి మూడు పుస్తకాల్లోని గుట్టు ఇక్కడ కొంత రట్టవుతుంది కాబట్టి, అవి చదవనివారు ఇక్కడితో ఆపి, చదివాక మళ్ళీ రావడం మంచిది.

ముందు వలయం గీయండి

ఈ సిరీస్‌లో నైట్స్ రేడియంట్ అనే యోధులకు పది శాఖలు, సర్జ్‌లు అనే మూలశక్తులు పది, శాఖకొకరు చొప్పున అధిదేవతల వంటి హెరాల్డ్‌లు పదిమంది. ప్రతి శాఖకు రెండేసి శక్తులు ఉంటాయి. వాటిలో ఒకటి ఎడమ పక్క శాఖతోనూ, మరొకటి కుడి పక్క శాఖతోనూ ఉమ్మడి. విండ్‌రన్నర్లకు అడ్హెషన్ (అతికించే శక్తి), గ్రావిటేషన్ (గురుత్వాన్ని మార్చే శక్తి) ఉంటే, పక్కనున్న స్కైబ్రేకర్లకు గ్రావిటేషన్, డివిజన్ ఉంటాయి. ఆ తరవాతి డస్ట్‌బ్రింగర్లకు డివిజన్, అబ్రేషన్. ఇలా తిరిగి తిరిగి, పదో శాఖ అయిన బాండ్‌స్మిత్‌ల దగ్గర టెన్షన్, అడ్హెషన్ చేరేసరికి వలయం మూసుకుంటుంది. తెల్లకాగితం మీద పది చుక్కలు గుండ్రంగా పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య గీతమీద ఉమ్మడి శక్తి పేరు రాసి, మూలగ్రంథంలో ఏ శాఖవాడు ఏ పేజీలో కనిపించాడో పక్కన వేసుకుంటూ పొండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేసి కట్టిన థియరీ ఏదీ నిలబడగా నేను చూడలేదు.

ఈ బొమ్మ వల్ల వెంటనే కలిగే లాభం ఒకటుంది. ఎవరికీ తెలియని పదకొండో శాఖ ఒకటి ఉందంటూ తరచుగా వినిపించే థియరీలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి, ఎందుకంటే మూసుకున్న వలయంలో పదకొండో చుక్కకు చోటు లేదు. చోటు ఉందనేవారు అది ఏ రెండు చుక్కల మధ్య ఉందో, ఏ శక్తిని ఎవరితో పంచుకుంటుందో ముందు చెప్పాలి. కాబట్టి వెతకవలసింది లేని శాఖ కోసం కాదు, ఉన్న పదిలో కథ మాట్లాడకుండా వదిలేసిన దాని కోసం.

లోటును రచయిత ఎలా చూపిస్తాడో తెలియాలంటే మొదటి పుస్తకం ప్రోలోగ్‌ను నెమ్మదిగా చదవాలి. రాజును చంపడానికి వచ్చిన హంతకుడు జెత్ రాజభవనంలో హెరాల్డ్‌ల విగ్రహాల వరుసను దాటుకుంటూ పోతాడు, వాటిలో షలాష్ విగ్రహం లేదని గమనిస్తాడు, ఆగకుండా వెళ్ళిపోతాడు. ఆ పక్కనే అంత రక్తపాతం జరగబోతుంటే విగ్రహం గురించి ఎవరు పట్టించుకుంటారు? తరవాత ఒక చిన్న అధ్యాయంలో ఒక స్త్రీ కళాఖండాలను పనిగట్టుకొని పగలగొడుతూ కనిపిస్తుంది. ఆమె షలాషేనని, తన రూపాలను తానే నాశనం చేసుకుంటోందని మూడో పుస్తకానికి గాని తేటతెల్లం కాదు. ఒక వరుసను పూర్తిగా పేర్కొని, అందులో ఒకటి లేదని చెప్పి, కారణం చెప్పకుండా కథ ముందుకు సాగిందంటే ఆ పేజీ మూల మడిచిపెట్టుకోవలసిందే.

‘అందరూ’ అన్న మాటను నమ్మకండి

నైట్స్ రేడియంట్ తమ ప్రతిజ్ఞలను విడిచిపెట్టి లోకానికి ద్రోహం చేశారని ఈ కథాలోకంలో ప్రతి ఒక్కరూ చెప్పుకుంటారు. ఆ సంఘటన పేరు రిక్రియన్స్. మొదటి పుస్తకంలో ప్రధాన పాత్రల్లో ఒకడైన దలినార్‌కు వచ్చే, గతాన్ని చూపే దర్శనాల్లో ఒకదానిలో ఆ ఘట్టం మన కళ్ళముందే జరుగుతుంది: ఫీవర్‌స్టోన్ కోట ముందు నైట్లు వచ్చి, కత్తులు నేలలో గుచ్చి, కవచాలు విడిచి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, వదిలేసిన ఆయుధాల కోసం సామాన్య సైనికులు ఒకరినొకరు చంపుకుంటారు. ఘట్టం ఎంత ఉద్వేగంగా ఉంటుందంటే, అక్కడ ఉన్నది విండ్‌రన్నర్లు, స్టోన్‌వార్డ్‌లు అనే రెండు శాఖలవారు మాత్రమేనన్న సంగతి చదువుతున్నప్పుడు జారిపోతుంది. మిగిలిన ఎనిమిది శాఖలు కూడా అలాగే చేశాయని మనకు జనశ్రుతి చెబుతోంది గాని, దృశ్యం చెప్పడం లేదు. రెండో పుస్తకం చివర హెరాల్డ్ నాలన్ వచ్చి జెత్‌ను శిష్యుడిగా తీసుకున్నప్పుడు, మూడో పుస్తకంలో ఆ శిక్షణ సాగినప్పుడు తేలింది ఇదే: స్కైబ్రేకర్లు ఆనాడు ప్రతిజ్ఞలు విడిచిపెట్టలేదు, మరుగున కొనసాగారు.

కాబట్టి రెండో పని ఏమిటంటే, గ్రంథంలో ‘అందరూ’, ‘ఎవ్వరూ’, ‘పూర్తిగా’ అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా ఆ మాట ఎవరి నోట వచ్చిందో, అతడు చూసి చెబుతున్నాడో విని చెబుతున్నాడో రాసుకోవడం. దీనితోపాటు ఆస్తుల జాడ కూడా పట్టాలి. నిజచరిత్రలో మధ్యయుగపు క్రైస్తవ నైట్ల సంఘమైన టెంప్లర్ల కథ ఈ విషయంలో మంచి పాఠం. 1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ వారిని ఒక్కసారిగా నిర్బంధించాడు, 1312లో పోప్ అయిదో క్లెమెంట్ ఆ సంఘాన్ని రద్దు చేశాడు, 1314లో వారి చివరి అధిపతి జాక్ ద మొలేను సజీవదహనం చేశారు. వారు రహస్యంగా బతికే ఉన్నారని ఊహాగానాలు ఎన్నో పుట్టాయి. అసలు కొనసాగింపు మాత్రం పత్రాల్లో బహిరంగంగానే ఉంది. ఆస్తుల్లో చాలాభాగం హాస్పిటలర్లు అనే మరో నైట్ల సంఘానికి దక్కింది, పోర్చుగల్‌లో 1319లో ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్ పేరిట ఏర్పడిన కొత్త సంఘానికి అక్కడి టెంప్లర్ ఆస్తులు వెళ్ళాయి. దాక్కున్న సంఘానికి కోట కావాలి, తిండి కావాలి, కొత్తగా చేరేవారు కావాలి. నవలలోనూ ఈ ప్రశ్నే వేయాలి. దర్శనంలో వదిలేసిన కత్తులు వందల్లో ఉంటే, కథాకాలంలో లోకానికి తెలిసినవి అంతకన్నా చాలా తక్కువ ఎందుకున్నాయి? ఈ సందేహం దలినార్‌కే కలుగుతుంది. మనకు కలగకపోతే తప్పు మనదే.

శక్తి, ప్రతిజ్ఞ, బంధం

అనుమానం ఉన్న ప్రతి పాత్రకూ మూడు గడుల పట్టిక వేయండి. మొదటి గడిలో అతడు చూపిన శక్తి, రెండో గడిలో పలికిన ప్రతిజ్ఞ, మూడో గడిలో అతడితో బంధం ఉన్న స్ప్రెన్, అంటే నైట్‌కు శక్తినిచ్చే ఆత్మవంటి ప్రాణి. మూడూ నిండితేనే నైట్.

జెత్‌నే తీసుకోండి. ప్రోలోగ్‌లో అతడు గోడల మీద నడుస్తాడు, మనుషులను పైకప్పుకు విసురుతాడు, తలుపులను అతికిస్తాడు. ఇవి విండ్‌రన్నర్ల రెండు శక్తులే. మొదటి గడి నిండింది. రెండోది ఖాళీ, అతడు ఆ శాఖ ప్రతిజ్ఞలేవీ పలకలేదు. మూడోదీ ఖాళీ, అతడి వెంట స్ప్రెన్ లేదు. అజ్ఞాతంలో ఉన్న విండ్‌రన్నర్ అని అతడి గురించి థియరీ కట్టినవాడు ఈ రెండు ఖాళీల దగ్గర ఆగి ఉంటే, ఆ శక్తి మనిషిది కాదు, చేతిలోని కత్తిదేమోనన్న ప్రశ్నకు చేరేవాడు. నిజానికి అది హెరాల్డ్ జెజ్రియన్ ఆనర్‌బ్లేడ్, అంటే పట్టినవాడికి శాఖ శక్తులనిచ్చే కత్తి. విరాటపర్వంలో కీచకుడు చచ్చిన తీరునుబట్టి చంపినవాడు భీముడేనని ఊహించడం కుదిరింది, ఎందుకంటే ఆ బలం ఒంట్లో ఉండేది గాని చేతులు మారేది కాదు. ఆయుధంతోపాటు విద్య కూడా చేతులు మారే కథలో కీచకవధ తర్కం నడవదు.

ఈ పట్టికలో ఖాళీ గడికన్నా విలువైనది, నిండి కూడా పొసగని గడి. దలినార్ కొడుకు రెనారిన్ రెండో పుస్తకం చివర తాను ట్రూత్‌వాచర్‌నని చెప్పుకుంటాడు. చాలామంది అక్కడ పట్టికలో టిక్కు పెట్టుకొని ముందుకు వెళ్ళారు. కానీ అప్పటికే గోడల మీద రోజుల లెక్క గీసింది అతడేనని, అంటే అతడికి రాబోయేది కనిపిస్తోందని తెలిసిపోయింది. ట్రూత్‌వాచర్ల శక్తులు ప్రోగ్రెషన్ (పెంచడం, గాయాలు మాన్పడం), ఇల్యూమినేషన్ (వెలుగుతో భ్రమలు కల్పించడం). ఈ రెండింటిలో భవిష్యత్తు చూడడం ఎక్కడుంది? పైగా ఆ లోకపు మతం భవిష్యదర్శనాన్ని శత్రుపక్షపు విద్యగా అసహ్యించుకుంటుంది. ఇక్కడ ఆగినవారు రెండే దారులు మిగిలాయని గ్రహిస్తారు: అతడు చెప్పిన శాఖ తప్పయినా అయి ఉండాలి, లేదా అతడి స్ప్రెన్‌లో ఏదో తేడా ఉండాలి. మూడో పుస్తకం రెండోదాన్నే ఖాయం చేసింది. థియరీకి సరిపోయే పది ఆధారాలు పోగుచేసేకన్నా, సరిపోని ఈ ఒక్కదానితో వారం రోజులు కుస్తీపట్టడం లాభసాటి.

ఏ ఆధారానికి ఎంత బరువు

కథలో ప్రత్యక్షంగా జరిగిన దృశ్యానికి అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇవ్వాలి. ఆ తరవాతది అధ్యాయాల తలపై వచ్చే ఉల్లేఖనాలకు, అయితే అవి ఎవరు రాసినవో తెలిసేదాకా వాటిని సాక్ష్యంగా కాక సాక్షిగా చూడాలి. రెండో పుస్తకానికి పేరిచ్చిన వర్డ్స్ ఆఫ్ రేడియన్స్ అనేది ఆ లోకంలోనే ఉన్న ఒక గ్రంథం; దాని మాటలే అధ్యాయాల తలపై వస్తాయి; కానీ అది నైట్లు పతనమైన చాలాకాలానికి రాసినది, రాసినవారు విన్నదే రాశారు. అధ్యాయం పేరు పైన ఆర్చ్‌లో చెక్కినట్టు కనిపించే హెరాల్డ్‌ల ముఖాలు మరో ఆకర్షణ. ఏ ముఖం పెట్టారన్నది ఆ అధ్యాయపు పాత్రతోనో భావంతోనో ముడిపడి ఉంటుంది కాబట్టి, వేరే దారిలో వచ్చిన నిర్ణయానికి బలం చేకూర్చుకోవడానికి పనికొస్తుంది. ముఖాల మీదే మొత్తం మేడ కట్టినవారు మాత్రం ఏ ముఖంతోనైనా ఏదైనా రుజువు చేయగలరు.

రచయిత పాఠకుల ప్రశ్నలకు చెప్పిన జవాబులను ఆర్కానమ్ అనే భాండాగారంలో భద్రపరుస్తున్నారు. అవి చదవవలసినవే. అయితే ఆయన ‘చదివి తెలుసుకోండి’ అని దాటవేసిన జవాబును అవునని లెక్కవేసే దురలవాటు మనలో చాలామందికి ఉంది. అది అవునూ కాదు, కాదూ కాదు. పట్టికలో దానికి గడి అవసరం లేదు.

శాఖకూ ముఠాకూ తేడా

నేను పడిన గోతి ఇది. రెండో పుస్తకం మొదటి సగం చదువుతుండగా, గోస్ట్‌బ్లడ్స్ అనే రహస్య ముఠాయే పేరు మార్చుకున్న ఒక పాత శాఖ అని నాకు గట్టిగా తోచింది. వారికి గుర్తు ఉంది, ఒకదానిపై ఒకటి పడిన మూడు వజ్రాకృతులు. గురుశిష్య పరంపర ఉంది. పాత నైట్ల నగరం మీద ఆరాటం ఉంది. ఆరేడు పేజీలు రాశాను. వారు ప్రతిజ్ఞ పలికిన దృశ్యం ఒక్కటీ లేదే అని ఒక మిత్రుడు అడిగితే, రహస్యంగా పలుకుతారు కాబట్టే మనకు వినపడదని బదులిచ్చాను. ఆ జవాబు నోట వచ్చిన క్షణంలోనే థియరీ చచ్చిపోయింది, నాకు తెలియడానికి ఇంకో నాలుగు వందల పేజీలు పట్టింది. ఆధారం లేకపోవడాన్నే ఆధారంగా వాడుకున్న తరవాత ఆ థియరీని తప్పని చూపగలిగినది లోకంలో ఏదీ ఉండదు.

నైట్ల శక్తిని కోరుకునేవారు, నైట్లను తిరిగి రప్పించాలనుకునేవారు, నైట్లు అనేవారు వేరువేరు. ఇదే కథలో ఎన్విసేజర్లు అనే బృందం ఉంది. కథలోని టెఫ్ట్ అనే సైనికుడి తల్లిదండ్రులు అందులోనివారే. శక్తులు మేలుకుంటాయన్న ఆశతో వారు ప్రాణాపాయం కొనితెచ్చుకునేవారు. వారి దగ్గర నైట్ల ప్రతిజ్ఞ గుర్తుంది, నమ్మకం ఉంది, స్ప్రెన్ మాత్రం లేదు. సన్స్ ఆఫ్ ఆనర్‌ది మరో తరహా: పాత యుద్ధం తిరిగొస్తే హెరాల్డ్‌లూ తిరిగొస్తారని వారి లెక్క. ఈ బృందాలకు వలయం బయట వేరే కాగితం కేటాయించండి, లేకపోతే రెండు లెక్కలూ పాడవుతాయి.

ఇక థియరీని రాసేటప్పుడు మొదటి వాక్యంలో మీ ప్రతిపాదన, రెండో వాక్యంలో అది ఏ పుస్తకం వరకు చదివి కట్టినదో, మూడో వాక్యంలో ఏది కనిపిస్తే దాన్ని వదులుకుంటారో రాయండి. మూడో వాక్యం కుదరకపోతే ఇంకా రాసే వేళ కాలేదు. శీర్షికలో పాత్ర పేరు పెట్టకండి. పుస్తకం సంఖ్య చాలు, పేరు చూస్తేనే సగం గుట్టు బయటపడుతుంది. తేదీ వేసి, ఆ తరవాత దిద్దకండి. నా గోస్ట్‌బ్లడ్స్ థియరీని నేను కొట్టివేయలేదు, దాని కింద వేరే రంగు సిరాతో అది విరిగిన పేజీ సంఖ్య వేసి ఉంచాను; కొత్తది మొదలుపెట్టే ముందు ఆ పేజీ తీసి, మూడో వాక్యం ఉండవలసిన చోట ఉన్న ఖాళీని ఒకసారి చూసుకుంటాను.