సదరం శాతం తక్కువొచ్చిందా? ఎదుగుదల సమస్యలున్న పిల్లలకి ఎక్కడ చిక్కు పడుతుంది, ఎలా విడదీసుకోవాలి

మా పాపకి మేధో వైకల్యం ఉందని డాక్టర్ రాసిచ్చిన రోజున, ఆ కాగితం చూపిస్తే చాలు, పెన్షన్, థెరపీ అన్నీ వచ్చేస్తాయనుకున్నాం. రాలేదు. డాక్టర్ కాగితం సమస్య పేరు చెబుతుంది, అంతే. అర్హత తేల్చేది సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంతుందో చూసే ప్రభుత్వ మెడికల్ బోర్డు దగ్గర, వేసే వైకల్యం శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది 40 లేదా ఆపైన ఉంటేనే రిజర్వేషన్ల లాంటివి వర్తిస్తాయి. పెన్షన్‌కి కూడా అదే గీత, ఏపీలో నెలకి 6000, తెలంగాణలో 4016. మరి ఆ గీత దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

"ఇంట్లో క్షణం వదల్లేం, బోర్డు మాత్రం 25 శాతమే వేసింది"

చాలాసార్లు కారణం మన జవాబులే. మేధో వైకల్యానికి ఐక్యూ పరీక్షతో పాటు, రోజువారీ పనులు పిల్లలు ఎంతవరకు తామే చేసుకోగలరో కొలిచే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అని ఒకటి చేస్తారు. అందులో ప్రశ్నలు ఎక్కువగా తల్లిదండ్రులకే. ఈ స్కేల్‌లో స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే వైకల్యం 50 శాతం, 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం. అంటే 69కీ 70కీ మధ్య ఒక్క అంకె తేడాతో పెన్షన్ ఉండటం, పోవడం.

మొదటిసారి వెళ్లినప్పుడు సైకాలజిస్ట్ గారు "అన్నం తనే తింటుందామ్మా?" అని అడిగారు. మా ఆవిడ "తింటుందండీ" అంది. నిజానికి ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెట్టి, పక్కనే కూర్చుని ఒక్కో ముద్దకీ "ఊఁ, తిను" అంటుంటే తింటుంది. గౌను వేసుకుంటుందా? వేసుకుంటుంది, కానీ ముందూ వెనకా మేమే తిప్పాలి, గుండీలు మేమే పెట్టాలి. బయట అంతమంది లైన్లో ఉంటే, పాప ఒళ్లోనే కూర్చుని వింటుంటే, బిడ్డకి ఏమీ రాదని చెప్పడానికి ఏ తల్లికి నోరొస్తుంది? నాకూ రాలేదు, పక్కనే ఉండి ఊరుకున్నాను.

అందుకని వెళ్లే ముందు ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి: పళ్లు తోమడం, స్నానం, బాత్రూమ్, తిండి, బట్టలు, రోడ్డు మీద నడవడం, వీటిలో ఏది ఎవరూ చెప్పకుండా తనంతట తాను రోజూ చేస్తుందో, దేనికి ఎంత సాయం కావాలో. ఫోన్లో రెండు మూడు చిన్న వీడియోలు, స్కూల్ టీచర్ రాసిన ఉత్తరం కూడా పట్టుకెళ్లండి. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పొద్దు, తక్కువ చేసీ చెప్పొద్దు. అప్పటికే శాతం తక్కువ వేసేసి ఉంటే, చట్టంలోని సెక్షన్ 59 కింద అప్పీల్ చేసుకునే హక్కుంది, ఆ నోట్‌బుక్ అక్కడా పనికొస్తుంది.

"ఇంకా చిన్నపిల్లే, తర్వాత రండన్నారు"

ఏడాది నిండని పిల్లలకి మేధో వైకల్యం సర్టిఫికెట్ ఇవ్వరు. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా దాన్ని ఎదుగుదల ఆలస్యం అని రాసి, తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లలైతే దాదాపు మూడో తరగతి దాకా ఆగాలి.

కానీ ఆగాల్సింది సర్టిఫికెట్ కోసమే, థెరపీ కోసం కాదండీ! ఇది పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాలనిపిస్తుంది నాకు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, డైక్ అంటారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు అక్కడ ఉచితంగా చూస్తారు, శాతంతో పని లేదు. పిలిస్తే పలకని పిల్లలకి ముందు బేరా అనే వినికిడి పరీక్ష చేయించమని అడగండి. బడి వయసొచ్చాక, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో కనుక్కోండి.

"ఇన్నాళ్లూ వచ్చిన పెన్షన్ ఆగిపోయింది"

సర్టిఫికెట్ తీసి గడువు తేదీ చూడండి. తాత్కాలికమైతే గడువు దాటి ఉంటుంది. గడువుకి రెండు మూడు నెలల ముందే ఏపీలో గ్రామ లేదా వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో మళ్లీ పరీక్షకి స్లాట్ కోసం అడగడం మొదలుపెట్టండి. గడువు ఉండగానే ఆగిందంటే ఆధార్‌లో, సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి.

"సర్టిఫికెట్ ఉంది, థెరపీ డబ్బు మాత్రం జేబులోంచే పోతోంది"

చాలామంది పెన్షన్ రాగానే ఆగిపోతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష వరకు. ఆస్పత్రిలో చేరకుండా చేయించే థెరపీకి కూడా అందులో కొంత వస్తుంది, కాబట్టి థెరపిస్ట్ దగ్గర ప్రతిసారీ తేదీ, సంతకం ఉన్న బిల్లు అడిగి తీసుకుని దాచండి. ఏటా రెన్యువల్ చేయించాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే తల్లిదండ్రులు పాత పన్ను విధానంలో ఉంటే సెక్షన్ 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు అడగొచ్చు.