కాలి కొలతతో మేజోళ్ల అల్లిక: లెక్క మీది, నమూనా మీది

స్వెట్టరు అంగుళం వదులైనా వేసేసుకోవచ్చు. మేజోడు అలా కాదు. వదులైతే బూటులో ముడతపడి కాలు ఒరుస్తుంది, బిగువైతే మడమే దాటదు. అందుకే వేరేవాళ్ల నమూనాలోని అంకెలు పట్టుకుని మొదలుపెట్టకండి. మీ చేతి బిగువుకి అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయి, పాదం చుట్టుకొలత ఎంత, పొడవు ఎంత అన్నది తెలిస్తే మిగతా అంకెలన్నీ వాటిలోంచే వస్తాయి. అల్లికలోని రెండు మూల కుట్లు నిట్, పర్ల్ చేతికి అలవాటై ఉంటే చాలు.

ఊలు, సూదులు

మేజోళ్లకు సన్నటి నాలుగు పోగుల ఊలు వాడతారు. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిసినది మంచిది. 100 గ్రాముల ఉండలో దాదాపు 400 మీటర్లు ఉంటుంది, పెద్దవాళ్ల జతకి సరిపోతుంది. మొదలుపెట్టేముందే వంటింటి త్రాసు మీద తూచి 50 గ్రాముల చొప్పున రెండు ఉండలు చేసుకుంటే రెండో మేజోడు వేళ్ల దగ్గర దారం చాలక ఆగిపోయే బెడద ఉండదు. నైలాన్ లేని ఊలైతే మడమ దగ్గర తొందరగా చిల్లు పడుతుంది.

మన ఊళ్లలో ఫ్యాన్సీ దుకాణాల్లో ఊలు అడిగితే ఎక్కువగా ఇచ్చేది అక్రిలిక్. అది చెమట పీల్చదు, బూటులో కాలు తడితడిగా ఉంటుంది. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, చిదిమితే పొడవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. నూలు దారం వేసవికి హాయే గానీ దానికి సాగి మళ్లీ ముడుచుకునే గుణం తక్కువ, సాయంత్రానికి చీలమండ దగ్గరికి జారిపోతుంది. గొంగళ్లు నేసే దక్కను గొర్రె ఊలు మరీ ముతక, పాదానికి గుచ్చుకుంటుంది.

రెండు వైపులా మొనలున్న 2.25 మి.మీ. సూదులు ఐదు తీసుకోండి. నాలుగింటి మీద కుట్లు, ఐదోది అల్లడానికి. కొత్తవాళ్లకి వెదురు సూదులు నయం, స్టీలు మీంచి కుట్లు జారిపోతాయి. జారిన కుట్టును పైకి ఎక్కించడానికి సన్నటి క్రోషా సూది దగ్గర పెట్టుకోండి. లేసు అల్లే అలవాటున్న ఇళ్లలో అది ఎలాగూ ఉంటుంది.

ముందు చిన్న ముక్క, తర్వాత లెక్క

మేజోడు గుండ్రంగా అల్లుతాం కాబట్టి కొలత చూసుకునే ముక్కను కూడా గుండ్రంగానే అల్లాలి. బల్లపరుపుగా అల్లితే మధ్యలో పర్ల్ వరుసలు వస్తాయి. చాలామంది చేతిలో అవి కాస్త వదులుగా పడతాయి, లెక్క తప్పుతుంది. అల్లిన ముక్కను తడిపి, ఆరాకే కొలవండి. రెండు అంగుళాల మేర లెక్కపెట్టి సగం చేయండి, అర కుట్టును కూడా వదలొద్దు. అంగుళానికి 8 అనుకున్న చోట నిజానికి ఏడున్నరే పడితే, 64 కుట్ల మేజోడు 8 అంగుళాలకు బదులు ఎనిమిదిన్నర వస్తుంది.

ఇక్కడ అంగుళానికి 8 కుట్లు, 11 వరుసలు పడ్డాయనుకుందాం. వేళ్ల మొదళ్ల దగ్గర పాదం చుట్టుకొలత 9 అంగుళాలు. మేజోడు కాలిని పట్టి ఉండాలంటే అందులో పదో వంతు తగ్గించాలి: సుమారు 8. ఎనిమిది ఎనిమిదులు 64. మీ లెక్కలో ఏ అంకె వచ్చినా దగ్గర్లో ఉన్న నాలుగు గుణిజానికి మార్చుకోండి. చుట్టుకొలత 8 అంగుళాలైతే 56 సరిపోతుంది. పొడవులో అర అంగుళం తగ్గించండి. 10 అంగుళాల పాదానికి మేజోడు తొమ్మిదిన్నర.

పై అంచు, కాలు

64 కుట్లు వేసేటప్పుడు రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద వేయండి, తర్వాత ఒకటి లాగేయండి. అంచు సాగుతుంది. మేజోడు తొడిగేటప్పుడు అది దాటాల్సింది పిక్కను కాదు, మడమ నుంచి పాదం పైభాగం దాకా ఏటవాలుగా ఉండే చుట్టును. అది పాదం చుట్టుకొలత కంటే చాలా ఎక్కువ. అంచు అంత సాగకపోతే ఇప్పుడే విప్పేయండి, తర్వాత చేసేదేమీ లేదు.

సూదికి 16 చొప్పున పంచి, అంచు మెలిపడలేదని చూసుకుని గుండ్రంగా కలపండి. 2 నిట్, 2 పర్ల్ చొప్పున ఒకటిన్నర అంగుళం, ఆపైన మొత్తం 6 అంగుళాలు అయ్యేదాకా అంతా నిట్. సూదీ సూదీ కలిసే చోట నిచ్చెన మెట్లలా సందులు పడుతుంటే, కొత్త సూది మీద రెండో కుట్టు అల్లాక దారం గట్టిగా లాగండి. మొదటి కుట్టును లాగితే రెండోది అల్లేటప్పుడు మళ్లీ వదులైపోతుంది.

మడమ

కొత్తవాళ్లు భయపడేది దీనికే. నిజానికి చేతికి పనెక్కువ గానీ కిటుకేమీ లేదు. సగం కుట్లు, అంటే 32, ఒకే సూది మీదకి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పుతూ అల్లాలి. మిగతా 32 ఆగి ఉంటాయి. బయటి వైపు వరుసలో ఒక కుట్టు అల్లకుండా కుడి సూది మీదకి జార్చి, ఒకటి నిట్, ఇలా చివరిదాకా. లోపలి వైపు మొదటిది జార్చి మిగతాదంతా పర్ల్. జార్చిన కుట్ల వెనక దారం అడ్డంగా పోయి మడమ మందంగా వస్తుంది. ఇలా 32 వరుసలు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకి 36.

ఇక మడమ మలుపు. మొదటి వరుస: 1 జార్చి, 16 నిట్, ఎడమకు వాలే తగ్గింపు ఒకటి, 1 నిట్, తిప్పండి. ఎడమకు వాలే తగ్గింపంటే రెండు కుట్లను నిట్ చేస్తున్నట్టే ఒక్కొక్కటిగా జార్చి, రెండింటినీ వెనక నుంచి కలిపి అల్లడం. రెండో వరుస: 1 జార్చి, 3 పర్ల్, రెండు కలిపి పర్ల్, 1 పర్ల్, తిప్పండి. ఇక్కడి నుంచి అంకెలు అక్కర్లేదు. తిప్పిన చోట చిన్న సందు కనిపిస్తుంది. దానికి ముందు ఒక్క కుట్టు మిగిలేదాకా అల్లి, సందుకి ఇటుదీ అటుదీ కలిపి, ఇంకొకటి అల్లి తిప్పడమే. రెండు పక్కలా కుట్లు అయిపోయేసరికి 18 మిగలాలి. మిగల్లేదంటే ఎక్కడో ఒక తగ్గింపు మరిచారు.

ఆ 18 నిట్ చేసి, మడమ పక్క అంచు నుంచి 16 కుట్లు ఎత్తండి. మూలలో ఇంకొకటి ఎత్తి, తర్వాతి చుట్టులో దాన్ని మెలితిప్పి అల్లండి. ఆ మూలలో పడే చిల్లుకి మందు ఇదే. ఆగి ఉన్న 32 అల్లి, రెండో పక్క కూడా అలాగే 17 ఎత్తితే మొత్తం 84. ఇప్పుడు చుట్టు విడిచి చుట్టు, పైభాగానికి అటూ ఇటూ ఒక్కో కుట్టు తగ్గించండి. పది తగ్గింపు చుట్లకి మళ్లీ 64.

పాదం, వేళ్లు

మడమ వెనక నుంచి ఏడు ముప్పావు అంగుళాలు వచ్చేదాకా నేరుగా అల్లండి. తర్వాత పైభాగానికి, అడుగుభాగానికి రెండు చివర్లా ఒక్కో తగ్గింపు, అంటే చుట్టుకి నాలుగు. మొదట చుట్టు విడిచి చుట్టు 32 దాకా, ఆపైన ప్రతి చుట్టులో 16 దాకా. పైన 8, కింద 8 మిగిలాక దారం సూదితో రెండింటినీ కుట్లు పోలినట్టే కలిపి కుట్టండి. లాగి ముడేస్తే ఆ గడ్డ బొటనవేలికి గుచ్చుకుంటుంది.

రెండోదాన్ని టేపుతో కాకుండా చుట్లు లెక్కపెట్టి అల్లండి. అల్లిక సాగుతుంది కాబట్టి టేపు ప్రతిసారీ ఒకే కొలత చెప్పదు.

ముగ్గు వేయాలంటే

పిక్క భాగం మీద రెండో రంగుతో చుక్కల ముగ్గు బాగుంటుంది. ఏడు చుక్కల వెడల్పు, ఒక కుట్టు ఖాళీ కలిపి 8. 64లో ఎనిమిది ముగ్గులు సరిగ్గా పడతాయి. అయితే కుట్టు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. 1, 3, 5, 7, 5, 3, 1 చుక్కల ముగ్గును కాగితం మీద ఉన్నట్టే దించితే అణిగిపోయినట్టు కనిపిస్తుంది. మూడు చుక్కల వరుసల్ని రెండేసిసార్లు అల్లండి: 1, 3, 3, 5, 7, 5, 3, 3, 1. అప్పుడు నిలువూ అడ్డం దాదాపు సమానం. మెలికల ముగ్గుల జోలికి మాత్రం పోవద్దు, ఇంత చిన్న గడుల్లో వంపులు తిరగవు.

వెనక వదిలే రంగు దారం ఐదు కుట్లకు మించి ఉంటే మధ్యలో ఒకసారి అల్లే దారంతో మెలివేయండి, లేకపోతే తొడిగేటప్పుడు వేళ్లు తగులుకుంటాయి. ఒక చుక్క వరుసలో ఏడు కుట్లు దాటాలి కాబట్టి అక్కడ తప్పదు. రెండు రంగుల అల్లిక తక్కువ సాగుతుంది, ఆ మేరకు 2.5 మి.మీ. సూదులకు మారండి. కుట్టుపనిలో చేయి తిరిగినవాళ్లకి ఇంకో దారి ఉంది. మేజోడు అంతా ఒకే రంగులో అల్లేసి, ఒక్కో కుట్టు వంపునే అనుసరిస్తూ దారం సూదితో పైన రంగు కుట్టేయడం. చిన్న ముగ్గుకి ఇదే తేలిక.

ఉతకడం

గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి పావుగంట నానబెట్టి, రుద్దకుండా పిండండి. వేడినీళ్లలో రుద్దితే మామూలు ఊలు పీచు పెనవేసుకుని ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. తువ్వాలులో చుట్టి తడి అద్ది, నీడలో పరిచి ఆరేయండి. దాచేముందు తప్పకుండా ఉతకాలి. చెమట, మురికి ఉన్న ఊలుకే పురుగు ముందు పడుతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి వేయండి.