ఈజ్‌మెంట్ పార్ట్‌నర్‌షిప్‌లో డబ్బు పెట్టారా? ముందు లెక్క వేసుకోండి

2019 డిసెంబర్‌లో, ఇక్కడ అమెరికాలోని జార్జియాలో, ఒక ఫ్రెండ్ ఇంట్లో బిర్యానీ తింటూ 25,000 డాలర్ల చెక్కు రాసిచ్చాను. పార్ట్‌నర్‌షిప్ భూమి కొంటుంది, అందులో ఇక ఇళ్లూ భవనాలూ ఏమీ కట్టబోమని ఒక ట్రస్టుకు రాసిస్తుంది (ఈజ్‌మెంట్ అంటే ఆ రాతే), ఆ ‘దానం’లో నా వాటా 1,10,000, అంత మొత్తాన్ని పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేయొచ్చు (డిడక్షన్). ‘‘అంతా లీగలే అన్నా’’ అన్నాడు ఆ ఫ్రెండ్. అతనికి కమిషన్ ముట్టిందని తర్వాత తెలిసింది.

మీరూ ఇలాంటిదాంట్లో ఉంటే, ఆ ఏడాది కే-1 (పార్ట్‌నర్‌షిప్‌లో మీ వాటా చూపే పన్ను పత్రం) తీసి, దానం అంకెను మీరు పెట్టిన డబ్బుతో భాగించండి. రెండున్నర రెట్లు, ఆపైన వస్తుందని ఊరించిన స్కీములను అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ 2016 డిసెంబర్‌లోనే ఒక నోటీసు ఇచ్చి, పన్ను ఎగవేత లావాదేవీల లిస్టులో పెట్టింది. అలాంటప్పుడు రిటర్న్‌తో పాటు, అందులో ఉన్నామని తెలిపే ఫారం 8886 వేశారా? వేయకపోతే విడిగా పెనాల్టీ ఉంది, ఒక మనిషికి లక్ష డాలర్ల దాకా. ఆ నోటీసు చెల్లదని 2022లో టాక్స్ కోర్టు అంది, 2024లో దాన్నే రెగ్యులేషన్‌గా మళ్లీ తెచ్చారు. మీ ఏడాదికి ఏది వర్తిస్తుందో లాయర్‌నే అడగండి.

ఇక అసలు దెబ్బ. నాది 32 శాతం బ్రాకెట్, అంటే నాకు ఆదా అయిన పన్ను 35,200. డిడక్షన్ మొత్తం కొట్టేస్తే అది కట్టాలి. చూపించిన విలువ అసలు విలువకు రెట్టింపు, అంతకు మించి ఉంటే పెనాల్టీ మామూలుగా వేసే 20 కాదు, 40 శాతం: 14,080. పన్ను మీదా పెనాల్టీ మీదా వడ్డీ. పెట్టిన పాతిక వేలు ఎలాగూ పోయినట్టే. ‘సీపీఏ (అకౌంటెంట్) చెప్పాడు, నమ్మాను’ అన్న మాట ఆ 40 శాతం దగ్గర పనిచేయదు. టెన్నెసీలో ఇలాంటి ఒక దానానికి 69 లక్షల డాలర్లు చూపిస్తే, కోర్టు తేల్చింది 4,96,720. ఆ పెనాల్టీ 2021లో అప్పీల్లోనూ నిలబడింది.

ఆడిట్ నడిచేది పార్ట్‌నర్‌షిప్ మీద. మాట్లాడేది దాని ప్రతినిధి ఒక్కడే, మనకు నోరు లేదు. బాకీని వాళ్లు పార్ట్‌నర్ల మీదికి నెట్టేస్తే ఫారం 8986 వస్తుంది, దాన్ని పట్టుకుని మీ రిటర్న్‌తో 8978 వేయాలి. అప్పుడు వడ్డీ మామూలు కన్నా రెండు శాతం ఎక్కువ. అందుకే ఐఆర్ఎస్‌తో సెటిల్‌మెంట్ మాట వచ్చిందా అని ప్రతినిధిని ఈమెయిల్‌లోనే అడగండి. ఐఆర్ఎస్ 2020లో ఇచ్చిన సెటిల్‌మెంట్ ఆఫర్‌లో డబ్బు మాత్రమే పెట్టినవాళ్లకు పెట్టుబడి వరకు డిడక్షన్ ఇచ్చి, పెనాల్టీ 10–20 శాతానికి తగ్గించారు.

లాయర్‌ని మాత్రం ప్రమోటర్ చెప్పినవాళ్లలోంచి తీసుకోకండి. ‘‘ఆ కంపెనీతో మీకేమైనా లావాదేవీ ఉందా?’’ అని ఫోన్లో అడిగితే, నాకు మొదట దొరికినాయన కాసేపు ఆగి, ‘‘ఎందుకడుగుతున్నారు?’’ అన్నాడు.