పులికాట్‌లో రాజహంసల ఫొటోలు: ఎక్కడ ఆగాలి, ఎప్పుడు నొక్కాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. రాజహంసలు (ఫ్లెమింగోలు), ఎర్రకాళ్ల కొంగలు, నారాయణ పక్షులు, స్టిల్ట్‌లు, గాడ్‌విట్‌లు (ఈ చివరి రెండూ పొడుగు కాళ్ల నీటిపక్షులు) రోడ్డుకు రెండు పక్కలా మేస్తుంటాయి. ఏ లెన్సు తేవాలన్నది తర్వాత. ముందు ఎక్కడ ఆగాలో తేల్చుకోవాలి.

రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం పక్కనున్న పక్షుల మీదే వెలుగు నేరుగా పడుతుంది. పొద్దున వాయవ్యం దిక్కున, సాయంత్రం ఈశాన్యం దిక్కున మేస్తున్న గుంపును ఎంచుకోండి. దక్షిణం పక్క గుంపు ఎంత దగ్గరున్నా నల్లటి నీడలే వస్తాయి. తెల్లవారుతుండగా ఎర్రటి నీళ్లలో అలాంటి బొమ్మే కావాలనుకుంటే తప్ప అటు తిరగకండి.

ఎండ తర్వాత గాలి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. రాజహంసకైతే లేవడానికి ముందు నీళ్ల మీద పరుగు కూడా కావాలి. ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున ఎండా గాలీ రెండూ తూర్పు వైపు నుంచే రావడంతో దిగే పక్షి ముఖం వెలుగులో ఉంటుంది. సాయంత్రం అదే పక్షి ఎండకు వీపు పెట్టి దిగుతుంది, మీకు తోకలే దొరుకుతాయి. ఎగిరే పక్షులు కావాలంటే సూర్యోదయానికి అరగంట ముందే అక్కడుండాలి.

వానలు బాగా పడిన సంవత్సరం డిసెంబరు దాకా రోడ్డు పక్క నీళ్లు లోతుగా ఉంటాయి, నడిచి మేసే పక్షులు దూరంగా ఉండిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో నీరు తీసేకొద్దీ దగ్గరికొస్తాయి.

కారు దిగకండి. పక్షులకు బండ్లు అలవాటే, నిలబడిన మనిషే కొత్త. బండిని పూర్తిగా మార్జిన్‌లోకి దించి ఆపండి, ఈ రోడ్డు మీద బస్సులు వేగంగా వస్తాయి. ఇంజను కట్టేయండి: అదురు ఒక కారణం, బానెట్ మీంచి లేచే వేడి ఇంకో కారణం. కిటికీ అంచు మీద ఒకటిన్నర రెండు కిలోల బియ్యం పోసిన గుడ్డసంచి వేసి లెన్సు దాని మీద ఆనించండి. సంచిని ముప్పావు వంతే నింపాలి. నిండా కుక్కితే లెన్సు కుదురుకోదు.

రోడ్డు నీటికన్నా ఎత్తులో ఉండటంతో ఒక చిక్కు ఉంది. లెన్సు నీటికి 3 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 10 మీటర్ల దూరంలో ఉన్న పక్షిని దాదాపు 17 డిగ్రీలు కిందికి చూస్తూ తీస్తారు. దాని వెనకే నీళ్లుండి బ్యాక్‌గ్రౌండ్ గజిబిజిగా వస్తుంది. 30 మీటర్ల దూరంలో అది 6 డిగ్రీలకు తగ్గుతుంది. అందుకే 500, 600 మి.మీ. లెన్సుతో కాస్త దూరపు పక్షినే తీయడం మేలు. అంతకన్నా దూరం పోతే, ఎండ ముదిరాక నీటి మీది వేడిగాలి ఆడుతూ ఈకల వివరాన్ని చెరిపేస్తుంది. ఫోకస్ తప్పిందనుకుని లెన్సును అనుమానించకండి. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు. అప్పుడు దగ్గరి పక్షులనే తీయండి, లేదా ఆపేయండి.

షట్టర్ స్పీడ్ నిలబడ్డ పక్షికి 1/500 సెకను, వంగి లేస్తూ మేసే స్టిల్ట్‌కు 1/1250, ఎగిరేవాటికి 1/2500. అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 6.3 నుంచి 8 మధ్య, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీరు) ఆటోలో 3200 గరిష్ఠం. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఎక్స్‌పోజర్ దగ్గర, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న దగ్గర. రాజహంస ఒళ్లు చాలావరకు తెలుపే, గులాబీ రంగు లేతది. కాస్త ఎక్కువైనా ఆ రంగు పోతుంది, ఎడిటింగ్‌లో తిరిగి రాదు. వెలుగు మితిమీరిన చోట తెర మీద మిణుకుమనే హైలైట్ హెచ్చరికను ఆన్ చేసి, వీపు మీద మిణుకు కనబడితే మూడో వంతు స్టాప్ చొప్పున తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ముదురు రంగు నీటి ముందు తెల్లకొంగకు ఒక స్టాప్ దాకా తగ్గించాల్సి రావచ్చు.

ఫోకస్ కంటి మీదే ఉండాలి. రాజహంస తల నీళ్లలో తలకిందులుగా పెట్టి వడగడుతూ చాలాసేపు మేస్తుంది, అప్పుడు నొక్కి లాభం లేదు. ముక్కు పైకెత్తి నీరు కారుతున్న ఆ ఒక్క క్షణానికి ఓపిక పట్టండి. ఫ్రేములో కాళ్లను మోకాలి దగ్గర నరకకండి. నీళ్లు కదలకుండా ఉంటే కింద ప్రతిబింబానికి కూడా పూర్తిగా చోటివ్వండి.

గుంపంతా ఒక్కసారి మెడలెత్తి అవతలికి నడక మొదలుపెడితే మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట. అక్కడే కదలకుండా ఆగండి. ఎగిరే ఫొటో కోసం హారన్ కొట్టడం, రాళ్లు విసరడం ఘోరం: ఎంతో దూరం నుంచి వచ్చిన పక్షి తిండి మానుకుని ఒంట్లో బలం ఖర్చు చేసుకుంటుంది. పైగా ఇది అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దగ్గరికి వచ్చాక కెమెరా లోపల పెట్టేయండి. డ్రోన్ అసలు తేకండి.

బురదలోకి దిగొద్దు. పైకి గట్టిగా కనబడినా మోకాలిదాకా దిగబడుతుంది, ట్రైపాడ్ కూడా అంతే. ఉప్పుగాలికి లెన్సు ముందుభాగం మీద పొర కడుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పురవ్వలు కోటింగ్‌ను గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, మంచినీటితో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఆ తర్వాతే తుడవండి. ట్రైపాడ్ కాళ్లు వాడి ఉంటే ఆ రాత్రే విప్పదీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే లాకులు పట్టేస్తాయి.