పెద్ద సంఖ్యను విడగొట్టడం – 4వ భాగం: పిన్‌కోడ్‌కు 1001 పరీక్ష

పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలంటే ముందు దాన్ని ఏ చిన్న సంఖ్యలు భాగిస్తాయో చూడాలి. గత భాగంలో అంకెలు కూడి 3, 9 సంగతి తేల్చేశాం. అసలు తలనొప్పి 7, 13లతోనే. ఏడుకు స్కూల్లో ఒక సూత్రం చెబుతారు: చివరి అంకెను రెట్టింపు చేసి, మిగిలిన సంఖ్యలోంచి తీసేయాలి. ఆరంకెల సంఖ్యకైతే ఆ పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. దానికంటే నేరుగా భాగించడమే నయం అనిపిస్తుంది నాకు. ఈసారి ఒక్క తీసివేతతో 7, 11, 13 మూడింటినీ చూద్దాం.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: 7 × 11 × 13 = 1001.

కర్నూలు పిన్‌కోడ్ 518001 తీసుకోండి. మధ్యకు కోయండి: 518, 001. (పోస్టల్ శాఖ లెక్కలోనూ మొదటి మూడంకెలు వేరే ముక్కే, అవి సార్టింగ్ జిల్లాను చెబుతాయి.) పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 517. అది 11 × 47. కాబట్టి 518001ని 11 నిశ్శేషంగా భాగిస్తుంది, 7, 13 భాగించవు.

ఎందుకలా? 518001 అంటే 518 × 1000 + 1. వెయ్యి బదులు 1001 వేస్తే ఒక 518 ఎక్కువ పడింది, దాన్ని తీసేయాలి. అప్పుడు 518 × 1001 − 517 అవుతుంది. మొదటి ముక్కను 7, 11, 13 ఎలాగూ భాగిస్తాయి. తేలాల్సింది 517 సంగతే. తీసివేతలో సున్నా వస్తే, ఉదాహరణకు 518518లో, మూడూ భాగిస్తాయి.

ఆదోని 518301: 518 − 301 = 217 = 7 × 31. ప్రొద్దుటూరు 516360: 516 − 360 = 156 = 12 × 13. ఒక ఊరికి 7, ఒక ఊరికి 11, ఇంకో ఊరికి 13 వచ్చేలా నేను ఏరుకున్నవే ఇవి! అనంతపురం 515001కి 514, కడప 516001కి 515 వస్తాయి. వాటిని ఈ మూడింట్లో ఒక్కటీ భాగించదు.

ఇప్పుడు కర్నూలు లెక్క ముగిద్దాం. అంకెల మొత్తం 15, అంటే 3 పోతుంది: 172667. దాన్ని 11తో భాగిస్తే 15697. ఇక్కడ చాలామంది 11 పని అయిపోయిందనుకుని 17కు వెళ్లిపోతారు. ఆగండి. 697 − 15 = 682 = 11 × 62. మళ్లీ 11! మిగిలింది 1427. దాని వర్గమూలం 38 లోపే. రెండు కారణాంకాలూ 38కి తగ్గకుండా ఉంటే లబ్ధం కనీసం 1444 అయి, 1427ను దాటిపోదూ? 3 మళ్లీ పోదు, 11 కూడా పోదు, 7, 13 ముందే తేలిపోయాయి. ఇక 17, 19, 23, 29, 31, 37తో ఆరు భాగహారాలు. ఏదీ పోదు, అంటే 1427 ప్రధాన సంఖ్య.

518001 = 3 × 11² × 1427. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 2 × 3 × 2, మొత్తం 12 భాజకాలు.

హోంవర్క్: అనంతపురం, కడప. అనంతపురానికి 3 పోయాక 41 దాకా ఓపిక పట్టాలి, ఆ తర్వాత చకచకా తేలిపోతుంది. కడపకు 17 దగ్గరే దొరుకుతుంది, విసుగంతా తర్వాతే. 17తో భాగించాకే వర్గమూలం హద్దు వేసుకోండి. అప్పుడు 173 వరకు ప్రధాన సంఖ్యల పట్టిక చాలు, లేకపోతే 718 దాకా రాసుకోవాలి.